జెల్మీరా మైకూ, ఊరి చెవులూ

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి జెల్మీరా మైకు ఆపేసి ఇంకా కుర్చీలోంచి లేవనైనా లేవలేదు, ఫోను మోగింది. మోగుతుందని ఆమెకు తెలుసు. పదకొండేళ్ళుగా మోగుతూనే ఉంది. బ్రెజింకా ఊరి జనానికి పొయ్యి మీద పాలు పొంగి నేలపాలైనా పట్టదు గానీ, పంచాయతీ మైకులో ఒక్క మాట అటూ ఇటూ అయిందంటే మాత్రం కాళ్ళకి చెప్పులైనా వేసుకోకుండా ఫోను దగ్గరికి పరుగెత్తుతారు.

"క్యాబేజీ బండి ముందు చెప్పి, పోయినాయన్ని తర్వాత చెబుతావా?" అంది అవతలి గొంతు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. పై వీధిలో బేకరీ నడిపే బ్రోన్యా గొంతు ఊళ్ళో ఎవరికి తెలియదు గనక?

"క్యాబేజీ బండి పదింటికల్లా వెళ్ళిపోతుంది. పోయినాయన గురువారం దాకా ఎక్కడికీ వెళ్ళడు," అని జెల్మీరా ఫోను పెట్టేసింది.

జవాబు బాగానే తగిలిందని ఆమెకు ఒక నిమిషం పాటు హాయిగా ఉంది. ఆ తర్వాత రెండో ఫోను వచ్చింది. పోయినాయన లూథరన్ చర్చివాడు కదా, కాథలిక్కుల పాట ఎందుకేశావని. మూడోది, నీళ్ళు బుధవారం ఆపుతారా, బుధవారం నుంచి ఆపుతారా, సరిగ్గా చెప్పి చావమని. ఎవరికి చెప్పుకోవాలి ఈ బాధ? లోకులు కాకులన్నారు పెద్దలు. కాకులు నయం, చీకటి పడితే నోరు మూసుకుంటాయి.

జెల్మీరా ఆ ఊరి గ్రామ కార్యాలయంలో గుమాస్తా. వయసు యాభై నాలుగు. అంతకు ముందు పట్నంలో కుట్టు ఫ్యాక్టరీలో కోట్లకి చేతులు కుట్టేది. అది మూతపడ్డాక ఇక్కడ చేరింది. పన్ను రసీదులు, కుక్కల లైసెన్సులు, తీర్మానాల పుస్తకం, అన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి. అవన్నీ ఒక ఎత్తు, మైకు ఒక ఎత్తు. ఊరంతా కలిపి పద్నాలుగు స్తంభాలకి లౌడ్‌స్పీకర్లున్నాయి. ముందు పాట వేస్తారు, తర్వాత కబురు చెబుతారు. ఎవరు పోయారు, ఎవరికి ఎనభై నిండాయి, ప్లమ్ పళ్ళ సారా కాచే బట్టీ దగ్గర ఈ వారం ఎవరి వంతు, అన్నీ దాంట్లోనే. కుట్టు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు కోట్లకి చేతులు కుట్టిన మనిషికి ఒక్కరోజు కూడా ఎవరూ ఇది జెల్మీరా కుట్టిన చెయ్యి అనలేదు. మైకు దగ్గర కూర్చున్న మొదటి రోజే ఊరంతా జెల్మీరా గొంతు అంది. అందుకే ఆమెకు ఆ మైకంటే ప్రాణం. అందుకే ఎవరు వంక పెట్టినా ఒళ్ళు మండుతుంది.

ఆ మంట దాచుకునే రకం కాదామె. ఒకసారి ఎవరో గొంతు మరీ గట్టిగా ఉందన్నారని, మర్నాడు మైకులోనే, "గట్టిగా ఉందనుకునేవారు చెవుల్లో దూది పెట్టుకోవలసిందిగా మనవి," అని చదివేసింది. పోయిన ఏప్రిల్లో పై వీధివాళ్ళు నలుగురు సంతకాలు పెట్టి కాగితం తెచ్చారు. కబురుకి ముందు వేసే పాట నిమిషమున్నర మోగుతోంది, చంటిపిల్లలు లేచిపోతున్నారు, తగ్గించమని. తగ్గించింది. ఎంతకి? ఆరు సెకన్లకి. బూరా ఇలా మొదలయ్యేదీ, అలా గొంతు నొక్కినట్టు ఆగిపోయేదీ. "పాట ఎక్కువైందన్నవారి ముచ్చట తీర్చడమైనది," అని పైగా ఒక ప్రకటన. ఆ రోజు భర్త బొహూష్ కడుపుబ్బ నవ్వాడు. ఆమె కూడా నవ్వుకుంది. పాట అప్పటి నుంచీ ఆరు సెకన్లే.

పదకొండింటికి సర్పంచి ద్రహోష్ ఆమె గదిలోకి వచ్చాడు. మెత్తటి మనిషి. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే ముందు కిటికీలోంచి వాతావరణం చూస్తాడు. ఆ రోజు చాలాసేపు చూశాడు.

"జెల్మీరా, ఫిర్యాదులు పదిహేడయ్యాయి."

"పద్దెనిమిది కాలేదా? ఎవరో బద్ధకించినట్టున్నారు."

"నవ్వులాట కాదు. శుక్రవారం మీటింగులో పెడుతున్నా. ఒక యంత్రం ఉందట. కబురు టైపు చేస్తే చాలు, అదే చదువుతుంది. ఆడగొంతే. గొడవ ఉండదు, ఎవరినీ ఏమీ అనదు." చివరి మాట అనేటప్పుడు ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

"అయితే మైకు పీకేస్తారా నా దగ్గర్నుంచి?" అంది జెల్మీరా.

"నీ ఉద్యోగానికేం ఢోకా లేదు. మైకు ఒక్కటే."

ఆ ఒక్కటే అన్న మాట ఆమెను రోజంతా కాల్చింది.

సాయంత్రం ఇంట్లో బంగాళాదుంప ముద్దల్ని గొర్రెపాల జున్నులో కలుపుతూ మొత్తం కథ బొహూష్‌కి చెప్పింది. కలుపుతూ అంటే కలపడం కాదు, గరిటెతో వాటిని కొట్టడం. పదిహేడు కాగితాల నకళ్ళూ బల్ల మీద పడేసింది. బొహూష్ వేలు తడి చేసుకుని ఒక్కొక్కటే తిరగేశాడు.

"ఇందులో పదకొండు వెందెలీన్‌వే," అన్నాడు.

"ఆ ముసలాడికి పనేముంది? చచ్చేదాకా నా పేరే జపం."

"అంటే మిగతా ఊరంతా కలిపి ఆరేనన్నమాట. మంచి ఊరే మనది."

"నీకు నవ్వులాటగా ఉంది."

"లేదు గానీ," అని అతను ఒక కాగితాన్ని దీపం దగ్గరికి జరిపి చూశాడు. "మిగతా ఆరుగురూ నిన్ను తిట్టారు. ఈయన తిట్టలేదు. కింది వీధిలో నాలుగు స్తంభాల మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి అని రాశాడు. మూడేళ్ళలో పదకొండు సార్లూ అదే రాశాడు."

"స్పీకర్లు పాతవి. నేనేం చేస్తా?"

బొహూష్ ముద్దల గిన్నె తన వైపు జరుపుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత అతనికి నాలుక చివరిదాకా వచ్చిందనీ, గొర్రెజున్ను ముద్దలు వేడిగా తినాలన్న ఆశతో మింగేశాడనీ జెల్మీరాకి తెలుసు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమాత్రం తెలియదా?

మంగళవారం వెందెలీన్ స్వయంగా దిగాడు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. ముప్ఫై ఎనిమిదేళ్ళు జంక్షన్ స్టేషన్లో రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పి రిటైరయ్యాడు. ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా మూడో ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళకి కూడా వినపడేట్టు, ముక్క ముక్కగా మాట్లాడతాడు. చంకలో గళ్ళ నోటుపుస్తకం ఉంది.

"అమ్మాయ్ జెల్మీరా. నిన్న నువ్వు. నీళ్ళ సంగతి. పదకొండు సెకన్లలో. చదివేశావు."

"అయ్యా వెందెలీన్ బాబాయ్, నువ్వు గడియారం పట్టుకు కూర్చున్నావా?"

"కూర్చున్నాను. పదకొండు సెకన్లలో. ఇరవై రెండు మాటలు."

"మరి నువ్వే వచ్చి చదవరాదూ? నీ గొంతైతే చచ్చినాళ్ళు కూడా లేచి రైలెక్కుతారు."

ఆయన నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. యథార్థవాది లోకవిరోధి అంటారే, ఆ సామెతకి చొక్కా తొడిగితే వెందెలీన్ అవుతాడు. నోటుపుస్తకం మూసి, బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు.

"ఒక మాట అడుగుతా. నిన్ను నువ్వు. ఎప్పుడైనా విన్నావా?"

"నా గొంతు నాకు తెలియదా?"

"ఈ గదిలో కూర్చుంటే తెలుస్తుంది. కింది వీధిలో నిలబడి. విన్నావా?"

ఎలా వింటుంది? మైకు పని చేస్తున్నంతసేపూ ఆమె ఈ గదిలో, ఈ కుర్చీలోనే కదా. పదకొండేళ్ళలో ఊరంతా ఆమె గొంతు విన్నది, ఆమె తప్ప. కానీ ఆ మాట ఒప్పుకుంటే ముసలాడు నెత్తినెక్కి కూర్చుంటాడు. "నాకు పనుంది," అని కుక్కల లైసెన్సుల ఫైలు తెరిచింది. ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు తలుపు కూడా నెమ్మదిగా వేశాడు, అది ఆమెకు మరీ కోపం తెప్పించింది. ధడాలున వేసుంటే ఎంత బాగుండేది.

ఆ కోపంతోనే ఆమె బుధవారం ఆ పని చేసింది. ముసలాడి మాట అబద్ధమని తేల్చేసి, శుక్రవారం మీటింగులో అందరి ముందూ ఆయన నోరు మూయించాలి. అంతే తప్ప ఇంకో ఉద్దేశం లేదు. బట్టీ వంతుల కబురు ముందే ఫోనులో రికార్డు చేసి, బొహూష్‌ని తీసుకొచ్చి మైకు ముందు కూర్చోబెట్టింది.

"తొమ్మిదింటికి పాట వెయ్, తర్వాత ఫోను మైకు దగ్గర పెట్టు. ఇంకేదీ ముట్టుకోకు. దగ్గకు. ఈల వెయ్యకు."

"ఊపిరి పీల్చుకోవచ్చా?"

"మెల్లిగా."

ఆమె కొండవాలు దిగి, వాగు మీది వంతెన దాటి, కింది వీధి చివర పాత పిండిమర దగ్గర నిలబడింది. పొగమంచు ఇంకా విడిపోలేదు. అక్కడ ఆఖరి ఇల్లు ఫిలోమేనాది. ఎనభై రెండేళ్ళ ఒంటరి ముసలమ్మ. మోకాలు పట్టేసినప్పట్నుంచీ ఆమె పైకి రావడం తగ్గిపోయింది. ఊళ్ళో ఫిర్యాదు చేయని మనిషి ఎవరయ్యా అంటే ఆవిడొక్కతే. పదకొండేళ్ళలో ఒక్క ఫోను లేదు, ఒక్క కాగితం లేదు. జెల్మీరా ఆవిడ పేరు చెప్పి అందరినీ దెప్పేది కూడా. ఫిలోమేనా అత్తని చూసి నేర్చుకోండి, మైకు అంటే ఎలా వినాలో అని.

తొమ్మిది కొట్టింది. బూరా ఇలా మొదలై అలా ఆగింది. తర్వాత వచ్చింది ఆమె గొంతు.

గొంతా అది? వంతెన దగ్గరి స్తంభం ఒక మాట అంటుంటే, చర్చి దగ్గరి స్తంభం దాని వెనకాల అదే మాట అంటోంది, ఎదుటి కొండ ఆ రెంటినీ కలిపి మళ్ళీ విసిరేస్తోంది. నలుగురు జెల్మీరాలు ఒకరి నోట్లో ఒకరు చెయ్యి పెట్టి అరుచుకుంటున్నట్టుంది. రాసింది తనే, చదివింది తనే, అయినా ఏ వంతు ఎవరిదో ఆమెకే అర్థం కాలేదు. పద్నాలుగు సెకన్లలో అంతా అయిపోయింది.

అప్పుడు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఫిలోమేనా వంటింట్లోంచి బయటికొచ్చింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చెయ్యి గోడ మీద. మెట్టు దిగింది. ఆగింది. రేగడి బాట మీద ఒక్కో అడుగూ వేసుకుంటూ గేటు దగ్గరికి వచ్చేసరికి జెల్మీరా మనసులో లెక్క పెడుతూనే ఉంది. నలభై ఒక్క అడుగులు. గేటు పట్టుకుని, తల పక్కకి వంచి, చెవి పైకెత్తి నిలబడింది ముసలమ్మ. స్తంభం మీద చప్పుడేమీ లేదు.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది అత్తా."

"అదుగో, నువ్వే ఇక్కడున్నావు. మరి అక్కడెవరు మాట్లాడారే?"

"రికార్డు అత్తా. నువ్వు రోజూ ఇలాగే వస్తావా?"

"రోజూ వస్తాను. మొదట్లో పాట పొడుగ్గా ఉండేది. ఆ పాట వినగానే లేచి, నడుచుకుంటూ వచ్చేసరికి నువ్వు మొదలుపెట్టేదానివి. ఇప్పుడు మరీ ముసలిదాన్నయ్యాను కదా, అందుకోలేకపోతున్నా. అందుకున్నా మాట తెలియదులే. చెవులు పోయాయి నాకు." ఆవిడ గేటు తెరిచింది. "చలిలో నిలబడ్డావేం, లోపలికి రా. గసగసాల రొట్టె ఉంది."

లోపల పొయ్యి పక్కన ఆవిడ కాఫీ పెట్టింది. గూట్లో జల్లెడ కదిలిన సన్నటి చప్పుడు కూడా విని, "పిల్లి మళ్ళీ గూట్లోకి ఎక్కింది, పిండి జల్లెడ లాగుతోంది," అని లేచి వెళ్ళి దించింది. జెల్మీరా చూస్తూ కూర్చుంది. ఈవిడ చెవులకి ఏమైంది? ఏమీ కాలేదు.

"అల్బీనా పోయినప్పుడు కూడా ఇదే అయింది," అంది ఫిలోమేనా, రొట్టె కోస్తూ. పెద్ద విషయం చెబుతున్నట్టు కాదు, మామూలుగా. అల్బీనా పై వీధి మనిషి. ఇద్దరూ ఒకే బడి, ఒకే బల్ల, డెబ్భై ఆరేళ్ళ స్నేహం. ఆగస్టు చివర పోయింది.

"నువ్వు ఖననానికి రాలేదు కదా అత్తా. మోకాలు బాలేదేమో అనుకున్నాం అందరం."

"చర్చి గంట విన్నాను. ఎవరో పోయారు, పేరు మైకులో చెబుతారులే అని లేచాను. నేను గేటు దగ్గరికొచ్చేసరికి అయిపోయింది. మర్నాడూ అంతే. శనివారం సరుకులు తెచ్చే దుకాణం బండివాడు చెప్పాడు, అల్బీనాని మట్టి చేసి రెండు రోజులైందని."

"ఎవరూ ఫోను చెయ్యలేదా?"

"నాకు ఫోను చేసేది అల్బీనా ఒక్కతే కదమ్మా."

జెల్మీరా చేతిలోని రొట్టె ముక్కని పళ్ళెంలో పెట్టేసింది. ఆరు సెకన్లు. ముచ్చట తీర్చడమైనది. ఎవరి ముచ్చట? పై వీధివాళ్ళ మీద కోపం, వచ్చి పడింది ఇక్కడ, ఈ మోకాలి మీద. అత్త మీద కోపం దుత్త మీద అని నవ్వుతూ వాడే సామెత, ఇంత నీచంగా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"మరి నాతో ఒక్క మాట అనొచ్చు కదా అత్తా. ఊరంతా అంటారే."

"నువ్వేం చేస్తావు? చెవులు నావి. నీ తప్పెలా అవుతుంది?" అని ఫిలోమేనా ఇంకో ముక్క ఆమె పళ్ళెంలో పెట్టింది.

ఆ ఇంట్లోంచి బయటపడ్డాక జెల్మీరాకి ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఈసారి ఎవరి మీద తోసేద్దామన్నా ఎవరూ దొరకలేదు. పదిహేడు కాగితాలు రాసినవాళ్ళకి ఏదో ఒకటి వినపడిందన్నమాట, అందుకే వంక పెట్టారు. ఏమీ వినపడనావిడ తన చెవుల్ని తిట్టుకుని ఊరుకుంది. పైగా ఆవిడ్ని చూసి నేర్చుకోమని ఊరందరికీ చెప్పింది తను. ఛీ.

గురువారం ఈసారి మరిచిపోకుండా లూథరన్ల పాటే వేసి, ఖననం కూడా అయ్యాక ఆమె వెందెలీన్ ఇంటికి వెళ్ళింది. ఆయన తలుపు తీసి, ఒక్కక్షణం చూసి, లోపలికి రమ్మనలేదు.

"తిట్టడానికి. వచ్చావా?"

"అడగడానికి వచ్చా. నువ్వు చెప్పిందే నిజం. విన్నాను. కింది వీధిలో నిలబడి విన్నాను."

ఆయన మొహంలో గెలిచిన సంతోషం కనిపిస్తుందని ఆమె పళ్ళు బిగించుకుని సిద్ధంగా ఉంది. కనిపించలేదు. "మూడేళ్ళు పట్టింది," అన్నాడంతే. అది చాలు ఆమెకు రక్తం తలకెక్కడానికి. నోటి దాకా వచ్చింది, మూడేళ్ళూ మనిషిలా చెప్పి ఉంటే ఎప్పుడో వినేదాన్నని. మనిషిలాగే చెప్పాడు, పదకొండు సార్లు. జెల్మీరా ఆ మాట మింగి, సంచీలోంచి పెన్ను తీసింది.

"ఇప్పుడు చెప్పు బాబాయ్. ఒక్కొక్కటిగా. నాకు కోపం వస్తే నేను లేచి గదిలో తిరుగుతా, నువ్వు ఆగకు."

రెండు గంటలు చెప్పాడు. ఆమె నాలుగుసార్లు లేచి తిరిగింది. ఒక ముక్క చెప్పాక అది కొండకి తగిలి తిరిగొచ్చేదాకా ఆగాలట. ముందు ఎవరికి సంబంధించిన కబురో చెప్పాలట, తర్వాత సంగతి. ముఖ్యమైనది రెండుసార్లు. వాక్యం చివర గొంతు దించకూడదు, ఎందుకంటే పేరూ, గంటా ఎప్పుడూ అక్కడే ఉంటాయి.

"మరి నేను పై వీధివాళ్ళ మాట విన్నాగా, పాట తగ్గించమంటే? అదేమైంది చూడు. అందరి మాటా వింటూ పోతే ఇదే గతి."

"వినలేదు నువ్వు. కసి తీర్చుకున్నావు. వాళ్ళు తగ్గించమన్నారు. కోసెయ్యమనలేదు."

ఆమె అయిదోసారి లేచింది. కిటికీ దాకా వెళ్ళి, తిరిగొచ్చి కూర్చుని, అది కూడా రాసుకుంది.

శుక్రవారం మీటింగుకి ఏడుగురు సభ్యులూ వచ్చారు. సభ్యుల్లో బ్రోన్యా కూడా ఉంది. యంత్రం అమ్మే కంపెనీ మనిషి ఒక చిన్న పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెట్టె చక్కగా చదివింది. చెత్తబండి రేపు వస్తుందని ఎంత హాయిగా చెప్పిందో, ఒకాయన పోయాడని కూడా అంతే హాయిగా చెప్పింది. గుక్క తిప్పుకోలేదు. సర్పంచి మొహం వికసించింది. జెల్మీరా మూలన కూర్చుని తీర్మానాల పుస్తకంలో రాస్తోంది, అది ఆమె పని గనక. తన మెడ మీద పడబోయే కత్తి పొడవు ఎంతో తనే రాసుకోవాలి. ఇంతకన్నా తలనొప్పి ఉద్యోగం ఇంకోటి ఉంటుందా?

"నువ్వేమైనా చెబుతావా జెల్మీరా?" అన్నాడు ద్రహోష్, మర్యాదకి.

సోమవారం నాడైతే ఆమె దగ్గర పెద్ద ఉపన్యాసం సిద్ధంగా ఉండేది. పదకొండేళ్ళు, ఒక్క సెలవు రోజు కూడా లేకుండా, మంచులో, జ్వరంలో, అంటూ. లేచి నిలబడ్డాక అందులో ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు.

"పద్దెనిమిదో ఫిర్యాదు ఒకటుంది. అది ఎవరూ రాయలేదు," అని మొదలుపెట్టి, ఫిలోమేనా సంగతి చెప్పింది. పాట ఎందుకు కోసిందో, ఎవరి మీద కోపంతో కోసిందో, అల్బీనా ఖననం ఆవిడకు ఎలా తెలియకుండా పోయిందో. అల్బీనా అందరికీ తెలిసిన మనిషే.

"ఇది పుస్తకంలోకి ఎక్కాలా?" అని అడిగాడు ద్రహోష్, ఇబ్బందిగా.

"ఎక్కాలి," అని ఆమె కూర్చుని రాసింది. గుమాస్తా జెల్మీరా తన కోపం వల్ల, అని తన చేత్తోనే తన పేరు రాసింది. తర్వాత తల ఎత్తింది. "యంత్రం కొనాలనుంటే కొనండి. కానీ అదీ ఆ స్తంభాల్లోంచే మాట్లాడుతుంది. కింది వీధిలో నిలబడి వినేది ఎవరు? ఈ పెట్టెకి కాళ్ళు లేవు."

బ్రోన్యా ఊరుకుంటుందా? "బాగుంది. తప్పు చేసి, ఒప్పేసుకుని, అదే చేత్తో మైకు కూడా పట్టుకుపోతావా? రేపు నేను రొట్టెలు మాడ్చి, మాడ్చానని ఏడిస్తే కొంటారా ఎవరైనా?"

మాట ముల్లులా దిగింది. జెల్మీరా చెవులు ఎర్రబడ్డాయి. బ్రోన్యా రొట్టెల గురించి దెప్పడానికి ఆమె దగ్గర పదిహేనేళ్ళ సరుకు ఉంది. లేచి గదిలో తిరగడానికి చోటు లేదు. అందుకని బల్ల కింద కాలి వేళ్ళు బిగించి, అయిదు లెక్కపెట్టింది.

"కొనక్కర్లేదు బ్రోన్యా. నువ్వన్నది న్యాయమే. ఒక్క నెల ఇవ్వండి. ప్రతి బుధవారం ఒక్కో స్తంభం కింద నిలబడి వింటా. నెల తర్వాత మళ్ళీ చేతులెత్తండి."

నలుగురు ఒక వైపు, ముగ్గురు ఒక వైపు. నెల ఇచ్చారు. ఆ నలుగురిలో బ్రోన్యా చెయ్యి లేదు, అదీ పుస్తకంలో రాసుకుంది.

ఆ నెల మహా చిరాకుగా గడిచింది. నెమ్మదిగా చదివితే నిద్రొస్తోందన్నారు. రెండుసార్లు చెబితే మేమేమైనా మొద్దులమా అన్నారు. చంటిపిల్లల తల్లులు మళ్ళీ కాగితం పట్టుకొచ్చారు. ఈసారి ఆమె వాళ్ళని కూర్చోబెట్టి, ఏ స్తంభం పిల్లల కిటికీకి ఎదురుగా ఉందో అడిగి, దాని మూతిని బొహూష్ చేత పక్కకి తిప్పించింది. అన్నిటికీ తల ఊపలేదు. క్యాబేజీ సంగతిలో మాత్రం బ్రోన్యాదే ఒప్పని తేలింది, ఇప్పుడు కబురులో చచ్చినవాళ్ళే ముందు వస్తున్నారు. పాట ఫిలోమేనా నడక లెక్కన నిమిషం అయింది. నవంబరు మీటింగులో యంత్రం సంగతి ఆఖరి అంశంగా పెట్టారు. దాని దాకా వచ్చేసరికి కొత్త సారా సీసా తెరిచారు. యంత్రం మాట ఎవరూ ఎత్తలేదు, జెల్మీరా గుర్తూ చెయ్యలేదు.

మొదటి మంచు పడిన వారం తేనెటీగల పెంపకందారు ఒకాయన పోయాడు. గంట మోగింది, పాట మోగింది, జెల్మీరా పేరు చదివి, కొండ జవాబు చెప్పేదాకా ఆగి, మళ్ళీ చదివింది. ఖననం రోజు చర్చి మెట్ల దగ్గర నల్ల శాలువా కప్పుకుని ఫిలోమేనా నిలబడి ఉంది. దుకాణం బండి ఎక్కి వచ్చిందట. అందరికన్నా ముందే వచ్చింది. జెల్మీరా గుండె నిండిపోయి, దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుంది.

ఫిలోమేనా ఆ చెయ్యి విడిపించుకుంది.

"నువ్వేనా, రా. అడుగుదామనే చూస్తున్నా. ఎంతసేపే ఆ పాట? నేను గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాక కూడా మోగుతూనే ఉంది. మంచులో కాళ్ళు కొయ్యలైపోయాయి. ఒక్కపేరు చెప్పడానికి ఇంత డాబేమిటి? ఇన్నాళ్ళూ నా చెవులే అనుకుని నోరు మూసుకున్నా. ఇక ఊరుకునేది లేదు."

పదకొండేళ్ళ అలవాటు. ఒళ్ళు భగ్గుమంది జెల్మీరాకి. నీ కోసమే కదా ఇంతా చేసింది, అనే మాట పెదవి దాకా వచ్చింది. ఆమె కాలి వేళ్ళు బిగించి, అయిదు లెక్కపెట్టి, కళ్ళు తుడుచుకుంది.

"ఎన్ని అడుగులు తగ్గించమంటావు అత్తా?"

ఫిలోమేనా కర్ర ఆనించుకుని, ఇంటి గుమ్మం నుంచి గేటు దాకా మనసులోనే నడిచి చూసుకుంది.

"నాలుగు," అంది.